కాలేయానికి కండరంతో ఏం పని?

వ్యాయామం కొత్తగా మొదలుపెట్టి, ఉత్సాహం కొద్దీ ఉన్న బరువులన్నీ ఎత్తేసి, రెండు రోజులకే రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్టులో కాలేయం దెబ్బతిందా అని చూసే ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి కనిపించవచ్చు. ఇక లివర్ పోయిందని టెన్షన్. కానీ ఆ రెండు ఎంజైములూ కండరాల్లోనూ ఉంటాయి. నలిగిన కండరం నుంచి బయటికొచ్చి రక్తంలో కలుస్తాయి, వారం గడిచినా దిగకపోవచ్చు. ఎక్కువగా కండరాల్లోనే ఉండే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమును కూడా చూస్తే దోషి కండరమా కాదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

కండరం చేసిన పనికి కాలేయం మీద నింద పడటం అలా ఉంచితే, కాలేయం లోపలే కండరంలా లాగే కణాలు ఉన్నాయన్నది నాకు ఇంకా వింతగా అనిపించే సంగతి. అది అర్థం కావాలంటే ముందు కండరం దగ్గరికి వెళ్లాలి.

కండరం కుంచించుకుపోయేటప్పుడు దాని లోపలి పోగులు పొట్టివి కావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. 1954లో రెండు బృందాలు ఈ మాటను నేచర్ పత్రిక ఒకే సంచికలో చెప్పాయి. ఒకదాంట్లో ఆండ్రూ హక్స్‌లీ, ఇంకోదాంట్లో హ్యూ హక్స్‌లీ. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఈ పోగుల్ని జరిపేది మయోసిన్ అనే ప్రోటీన్. దాని తల పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుని, కొన్ని నానోమీటర్లు లాగి, వదిలేసి, మళ్లీ పట్టుకుంటుంది. ఒక్కో తల బలం కొన్ని పికోన్యూటన్లే. 3 అనుకున్నా, ఒక్క గ్రాము బరువు ఎత్తడానికి 300 కోట్లకు పైగా తలలు ఒకేసారి లాగాలి. ఆ పట్టు వదలాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు కావాలి. చనిపోయాక శరీరం కొయ్యబారేది అందుకే: ఏటీపీ అయిపోయి, తలలు ఎక్కడ పట్టుకున్నవి అక్కడే ఉండిపోతాయి.

ఈ లాగే సరంజామా కండరాలకే పరిమితం కాదు. 1980లో ఆల్బర్ట్ హారిస్, ఆయన సహచరులు సిలికోన్ ద్రవానికి క్షణకాలం మంట చూపించారు. పాల మీద మీగడ కట్టినట్టు పైన పల్చటి పొర కట్టింది. దాని మీద కండరానికి సంబంధం లేని కణాలను వదిలితే, అవి పాకిన చోటల్లా పొర ముడతలు పడింది. దుప్పటిని గుప్పిట్లో పట్టి లాగితే ఎలా పడతాయో అలాంటి ముడతలు! కణం తన కింది చోటును ఎప్పుడూ లాగి చూస్తూనే ఉంటుంది. అది మెత్తనా, గట్టిదా అన్నది దానికి అలాగే తెలుస్తుంది.

కాలేయంలో 1876లో కుప్ఫర్ వర్ణించిన నక్షత్ర కణాలు ఉన్నాయి. అంతా బాగున్నంత కాలం విటమిన్ ఎ ను కొవ్వు బొట్లలో దాచుకుని ఓ మూల కూర్చుంటాయి. మద్యమో, వైరస్సో, విషమో కాలేయాన్ని దెబ్బతీస్తే వాటి తీరే మారిపోతుంది. కొవ్వు బొట్లు పోతాయి. నున్నటి కండరాల్లో ఉండే రకం ఆక్టిన్ తయారవుతుంది. చుట్టూ కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌ను అల్లి, దాన్ని లాగడం మొదలుపెడతాయి. గాయం మానడానికి ఇది అవసరమే. కానీ లాగిన కొద్దీ ఆ చోటు బిగుస్తుంది, బిగిసిన చోటు తగిలి పక్కనున్న నక్షత్ర కణం కూడా మేలుకుంటుంది. 2007లో వెలువడిన ఓ అధ్యయనంలో కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనం ఇచ్చిన ఎలుకల కాలేయాలు, కొల్లాజెన్ బాగా పేరుకోక ముందే గట్టిపడ్డాయి. అంటే గట్టిదనం జబ్బు చివర కనిపించే గుర్తు మాత్రమే కాదు, జబ్బును ముందుకు నెట్టే చెయ్యి కూడా అయి ఉండాలి. పక్కటెముకల సందులో చిన్నగా తట్టి, లోపల అల ఎంత వేగంగా పోతోందో కొలిచే స్కాన్ చూసేది ఈ గట్టిదనాన్నే. గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు, మామూలు కాలేయానికి 5 అటూఇటూ వస్తుంది. కాలేయమంతా మచ్చకట్టిన దశ అయిన సిర్రోసిస్‌లో సాధారణంగా 12, 13 దాటిపోతుంది.

ఇక విషం. పారాసెటమాల్‌లో కొద్ది భాగాన్ని కాలేయమే ఎన్ఏపీక్యూఐ అనే విషంగా మారుస్తుంది. మామూలు మోతాదులో, కణాల్లో కాపలా కాసే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ ఖాళీ అయిపోయి, ఆ విషం కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల మీద పడుతుంది. మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు, మోసమంతా అక్కడే ఉంది. గ్లూటాథయోన్ నిల్వను మళ్లీ నింపే ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు 8 గంటల్లోపు అందితే కాలేయం చాలావరకు దక్కుతుంది. ఇంత పెద్ద దెబ్బ నుంచి బయటపడ్డవాళ్ల కాలేయం సాధారణంగా మచ్చ లేకుండా కోలుకుంటుంది. ఏళ్ల తరబడి ఆగకుండా తగిలే చిన్న దెబ్బలకే అది గట్టిపడేది.

కొత్త మందుల విషప్రభావాన్ని పరీక్షించేటప్పుడు కూడా ఈ మెత్తదనం గొడవే వస్తుంది. ల్యాబ్‌లో కాలేయ కణాలను పెంచే ప్లాస్టిక్ గిన్నె అసలు కాలేయం కన్నా లక్షల రెట్లు గట్టిది. దాని మీద కొద్ది రోజుల్లోనే ఆ కణాలు తమ పని మరిచిపోతాయి, మందుల్ని మార్చే ఎంజైములు తగ్గిపోతాయి. ఆ ఎంజైముల చేతిలో పడితేనే విషమయ్యే మందు అలాంటి గిన్నెలో అమాయకంగా కనిపిస్తుంది. అందుకే కొందరు పరిశోధకులు కాలేయమంత మెత్తగా ఉండే జెల్ చేసి, దాని మీద కణాలను పెంచుతున్నారు.