ట్యాంకులో దిగే ముందు: అపోహలు - వాస్తవాలు

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసే ఉద్యోగం నాది. హెల్మెట్ లేకుండా తిరిగేవాణ్ని ఎవరో ఒకరు కేకేసి ఆపుతారు. ఖాళీ ట్యాంకులోకి నిచ్చెన వేసుకుని దిగిపోయేవాణ్ని మాత్రం ఎవరూ ఆపరు. అందుకే ఈసారి రియాక్టర్లు (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు), ట్యాంకులు, ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) గుంతల గురించే రాస్తున్నా.

అపోహ: వాసన రావట్లేదంటే గ్యాస్ లేనట్టే.

నేను ఎక్కువగా పోట్లాడేది ఈ మాటతోనే. ఈటీపీ గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు ముక్కు ఇట్టే పసిగడుతుంది. అదే 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గరికి చేరిందంటే కొన్ని నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. "కంపు పోయింది, దిగొచ్చు" అనుకునే సమయానికి గ్యాస్ తగ్గి ఉండదు, పెరిగి ఉండొచ్చు. ఇక రియాక్టర్లో నింపే నైట్రోజన్‌కి వాసనే లేదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కదా, విషం ఎలా అవుతుందని అడుగుతారు. విషం కాదు నిజమే, కానీ ఆక్సిజన్‌ని బయటికి నెట్టేస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. పూర్తిగా నైట్రోజన్ నిండిన చోట ఒకటి రెండు శ్వాసలకే మనిషి పడిపోతాడు, ఆయాసం కూడా తెలియదు.

అపోహ: పొద్దున గ్యాస్ మీటర్ పెట్టి చూసి, దిగడానికి పర్మిట్ రాశారు కాబట్టి సాయంత్రం దాకా ఢోకా లేదు.

మీటర్‌ని మ్యాన్‌హోల్ అంచున పట్టుకుని సున్నా చూసి సంతకం పెట్టేస్తుంటారు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, అడుగున ఉంటుంది. మీటర్‌కి తాడు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా ఆపి ఆపి చూడాలి. అదీ సరిపోదు. అడుగున పేరుకున్న బురదని పారతో కదపగానే అందులో చిక్కుకున్న గ్యాస్ బయటికొస్తుంది, అంతదాకా సున్నా చూపిన మీటర్ కీచుమని అరుస్తుంది. పని సాగినంతసేపు మీటర్ మనిషి ఒంటి మీద ఉండాలి. భోజనానికి వెళ్లొస్తే మళ్లీ మొదటి నుంచి చూడాలి.

అపోహ: మాస్కు ఉంది కదా!

కార్ట్రిడ్జ్ మాస్కు గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్‌ని పుట్టించదు. బయటి నుంచి గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్కో, సిలిండర్ సెట్టో కావాలి.

అపోహ: లోపల ఉక్కగా ఉంటే కాస్త ఆక్సిజన్ వదిలితే సరి.

దయచేసి వద్దు. ఆక్సిజన్ ఎక్కువైన చోట చిన్న నిప్పురవ్వకే ఒంటి మీద బట్టలు భగ్గుమంటాయి. బ్లోయర్‌తో మామూలు గాలి పంపండి.

అపోహ: లోపల ఒకడు పడిపోతే వెంటనే దూకి లాగాలి.

సెప్టిక్ ట్యాంకుల వార్తలు గుర్తు తెచ్చుకోండి, ఒకరి వెనక ఒకరు పోతారు. మొదటివాణ్ని పడేసిన గాలే రెండోవాణ్నీ పడేస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీస్ యాక్టు 36వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది: లోపల గ్యాస్ లేదని పరీక్షించి తెలిసినవాళ్లు రాసిస్తేనే దిగాలి. లేదంటే శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు ఉండాలి, దాని తాడు కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. లాగేది బయటి నుంచి. ఆ తాడు పట్టుకున్న మనిషిని టీ తెమ్మని పంపే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లున్నారు. ఒకసారి తాడు కట్టుకోమంటే ఒక పెద్దాయన "నాకు అలవాటే సార్" అన్నాడు. "ఆ గ్యాస్‌కి నువ్వు అలవాటు లేదన్నా" అన్నాను. నవ్వుతూనే కట్టుకున్నాడు.

అపోహ: కాంట్రాక్టు లేబర్‌కి ఏమైనా ఫ్యాక్టరీకి సంబంధం లేదు.

ఈఎస్ఐ (కార్మికుల బీమా) వర్తించే చోట నెల జీతం 21,000 దాటని కాంట్రాక్టు కార్మికులకూ అది ఉంటుంది. కాంట్రాక్టర్ చందా కట్టకపోతే ముందుగా కట్టాల్సింది ఫ్యాక్టరీయే. పనిలో గాయపడితే కోలుకునేదాకా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. చేరిన మొదటి వారంలోనే మీ ఇన్సూరెన్స్ నంబర్ అడిగి తీసుకోండి, ఇంట్లోవాళ్ల పేర్లు అందులో ఎక్కాయో లేదో చూసుకోండి.