కంటికి పట్టే జలుబు

2023 ఆగస్టులో మా కర్నూలులో కండ్లకలక వచ్చి ఏ సందులో చూసినా నల్లద్దాలే. మా అవ్వ అయితే పక్కింటి పిల్లోడిని గడప దాటనివ్వలేదు, "వాని కండ్లలోకి చూడొద్దు, అంటుకుంటాది" అని. చూపుతో ఏమీ అంటదు. ఆ అద్దాల మనిషే కండ్లు తుడుచుకుని అదే చేత్తో ఆటోకు చిల్లర ఇస్తాడు, అదీ సంగతి.

కండ్లకలక ఎక్కువగా తెచ్చేది అడినోవైరస్. దీన్ని 1953లో పట్టుకున్నది కంట్లో కాదు, పిల్లల ముక్కు వెనకుండే అడినాయిడ్ కండలో, ఆ పేరు అట్లా వచ్చిందే. గొంతునొప్పి, జ్వరం, ఎర్రకండ్లు కలిసి రావడం కూడా దీని పనే. అంతకుముందే 1941లో హవాయిలోని పెర్ల్ హార్బర్ ఓడల యార్డులో పనివాళ్ల కండ్లు వందల్లో ఎర్రబడితే దానికి 'షిప్‌యార్డ్ ఐ' అని పేరు పెట్టారు గానీ, వెనకున్నది అడినో 8వ రకమని తేలడానికి 1955 దాకా పట్టింది.

కంటికీ ముక్కుకీ సన్నటి కన్నీటి గొట్టం ఉంది. కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది చూడండి, అదే దారి. 1981లో అమెరికాలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు ఆర్‌ఎస్‌వీ అనే జలుబు వైరస్‌ను ముక్కులో, కంట్లో, నోట్లో వేసి చూస్తే ముక్కుతో సమానంగా కంటి నుంచీ అంటుకుంది, నోటి నుంచి మాత్రం బాగా తక్కువ.

అయితే కన్ను దారి మాత్రమేనా, వైరస్ అక్కడే కాపురం పెడుతుందా? 2003లో నెదర్లాండ్స్‌లో కోళ్లకు హెచ్7ఎన్7 ఫ్లూ వస్తే 89 మందికి సోకింది, వాళ్లలో చాలామందికి జబ్బంతా కండ్లలోనే, ఒక పశువైద్యుడు మాత్రం న్యుమోనియాతో చనిపోయారు. పక్షి ఫ్లూ అతుక్కునే తరహా చక్కెర గ్రాహకాలు మన కంటి పైపొర మీద కూడా ఉంటాయి మరి. 2024లో టెక్సస్‌లో ఆవుల దగ్గర పనిచేసే మనిషికి హెచ్5ఎన్1 అనే ఇంకో పక్షి ఫ్లూ సోకినప్పుడు కూడా కండ్లు ఎర్రబడటం తప్ప పెద్దగా ఇంకేమీ లేదు.

కోవిడ్ గురించి మొదట హెచ్చరించినవాళ్లలో ఒకరైన వూహాన్ డాక్టర్ లీ వెన్‌లియాంగ్ కంటి డాక్టరే. ఆ రోజుల్లో మనమేమో ముక్కుకు మాస్కు కట్టుకుని కండ్లు నలుపుకుంటూ బస్సెక్కినోళ్లం. 2020లో ల్యాబుల్లో చూస్తే తెల్లగుడ్డు మీది పలుచటి పొరలో ఆ వైరస్ పెరిగింది, నల్లగుడ్డు మీది కార్నియా మాత్రం లొంగలేదు. అడినో ఆ కార్నియానూ వదలదు: కొందరికి ఎరుపు పోయినా దాని మీద చిన్న చిన్న మచ్చలు మిగిలి, రాత్రి వీధిదీపాలు నెలల తరబడి చెదిరినట్టు కనబడతాయి.