నిషేధం లేదు సరే, ఆ సంతకం సంగతేంటి?

పుస్తకాల గొడవ ఎక్కడ మొదలైనా తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ పేరు బయటికొస్తుంది, దాని వెనకే "ఆయన్నెవరూ నిషేధించలేదు, తనంతట తనే పుస్తకం వెనక్కి తీసుకున్నాడు" అనే మాట కూడా. నిషేధం లేదన్నది నిజమే. తనంతట తనే అన్న దగ్గరే పేచీ.

ఆ పుస్తకం, 'మాదొరుబాగన్' అనే నవల, 2010లో వచ్చింది. పిల్లల్లేని దంపతుల కథ. తమిళనాడులోని తిరుచెంగోడు గుడి రథోత్సవంలో ఒక రాత్రి అలాంటి ఆడవాళ్లు పరాయి మగవాడితో కలిసే ఆచారం ఉండేదని అందులో రాశాడు. నాలుగేళ్లు ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంగ్లీషు అనువాదం వచ్చాక, 2014 డిసెంబరులో, కాపీలు తగలబెట్టారు, మరుసటి నెలలో ఊరు బంద్ చేశారు. మా ఊరి ఆడవాళ్లని, గుడినీ అవమానించాడన్నది వాళ్ల బాధ. ఊరి పేరు నేరుగా వాడాడు కాబట్టి అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అవతల ఉన్నది ప్రభుత్వ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఒక్క మనిషి.

2015 జనవరి 12న జిల్లా కేంద్రం నామక్కల్‌లోని కలెక్టరేట్‌లో అధికారులు 'శాంతి చర్చలు' పెట్టారు. విచారం వ్యక్తం చేస్తానని ఆయన అంటే అది చాలదన్నారు, బేషరతు క్షమాపణే కావాలన్నారు. చివరికి వివాదం రేపిన భాగాలు తీసేస్తానని, అమ్ముడుపోని కాపీలు వెనక్కి తెప్పిస్తానని కూడా రాసి సంతకం పెట్టాడు. దాని వెంటనే ఫేస్‌బుక్‌లో, రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడని ప్రకటించాడు. శాంతిభద్రతలు చూడాల్సినవాళ్లు గుంపుని ఆపకుండా రచయితని ఒప్పించే పని చేస్తే దాన్ని ఇష్టపూర్వకం అని ఎలా అంటాం?

మద్రాస్ హైకోర్టు 2016 జులై 5న ఆ ఒప్పందానికి ఆయన కట్టుబడక్కర్లేదని తేల్చింది, మళ్లీ రాయమని కూడా చెప్పింది. రాశాడు. 2023లో జేసీబీ సాహిత్య బహుమతి కూడా వచ్చింది, చూశారా ఏం నష్టపోయాడు అని ఇప్పుడు దాన్నే చూపిస్తున్నారు.

తీర్పు వచ్చిన మరుసటి నెలే ఢిల్లీలో, నాలో ఒక సెన్సార్ కూర్చున్నాడు, పుట్టే ప్రతి మాటనీ పరీక్షిస్తున్నాడు అన్నాడాయన. ఆ తర్వాతి నవల 'పూనాచ్చి' ముందుమాటలో, మనుషుల గురించి రాయాలంటే భయం, దేవుళ్లంటే ఇంకా భయం, ఆవులూ పందుల జోలికి వెళ్లకూడదు, ఇక మిగిలింది మేకలే అని రాసుకున్నాడు. ఆ నవల ఒక నల్ల మేకపిల్ల కథ.