కీబోర్డు కలిసింది, మరి శబ్దం ఏది?

మ్యూజిక్ కీబోర్డును యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి తగిలించాం, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచాం, కీ నొక్కాం. చప్పుడు లేదు. ఇక మొదలు: వైరు పీకి మళ్లీ పెట్టడం, డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించడం, రీస్టార్ట్. ఒక్క సంగతి ముందే తెలిస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. మామూలు మిడి కీబోర్డు (మిడి అంటే వాద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) కంప్యూటర్‌కి శబ్దాన్ని పంపదు. ఏ కీ నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో అంకెల్లో చెబుతుందంతే. టిఫిన్ సెంటర్‌లో సర్వర్ "మూడో టేబుల్‌కి ఒక పెసరట్టు" అని కేకేసినట్టు. అట్టు పోసేది లోపల వంటవాడు, అంటే కంప్యూటర్‌లోని వాద్యం సాఫ్ట్‌వేర్.

ఈ కేకలకు ఉమ్మడి భాష ఏర్పడింది 1980ల మొదట్లో. అంతకుముందు ఒక కంపెనీ సింథసైజర్‌ను, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యాన్ని, మరో కంపెనీదానితో కలపడం పెద్ద తలనొప్పి. అమెరికాలో సింథసైజర్లు తయారుచేసే డేవ్ స్మిత్, జపాన్‌లో రోలండ్ వాద్యాల కంపెనీ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి చొరవ తీసుకోవడంతో 1983 జనవరిలో రెండు కంపెనీల వాద్యాలు, ప్రాఫెట్-600, జూపిటర్-6, ఒకే వైరుతో అందరి ముందూ కలిసి పలికాయి. ఆ ఉమ్మడి భాషే మిడి. ముప్పై ఏళ్ల తర్వాత, 2013లో, ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

ఒక స్వరం కబురు మూడు బైట్లు. మొదటిదాంట్లో 'నొక్కారు' అన్న సమాచారంతో పాటు 16 ఛానెళ్లలో ఏదో ఉంటుంది. రెండోది స్వరం నంబరు. పియానో మధ్యలోని సి, అంటే మన హార్మోనియం వాళ్లు చెప్పే ఒకటి శృతి, 60. మూడోది 127 లోపు ఉండే బలం. పాత ఐదు పిన్నుల వైరులో సెకనుకు 31,250 బిట్లే వెళ్తాయి, అయినా ఈ మూడు బైట్లూ మిల్లీసెకను లోపే చేరిపోతాయి. వేలు ఎత్తినప్పుడు ఇంకో కబురు వెళ్లాలి. స్వరం మోగుతుండగా వైరు పీకేస్తే అది అందదు, అందుకే ఆ స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లలో 'పానిక్' బటన్ పెట్టింది దీనికోసమే.

కాబట్టి శబ్దం రానప్పుడు ముందు చూడాల్సింది అంకెలు వస్తున్నాయా లేదా అన్నదే. విండోస్‌లో మిడి-ఆక్స్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ తెరిచి కీ నొక్కండి. తెరపై వరుసగా అంకెలు పడితే వైరు, డ్రైవర్ రెండూ బాగున్నట్టే, ఇక వాటి జోలికి వెళ్లొద్దు.

అంకెలు పడకపోతే నా మొదటి అనుమానం వైరు మీదే. మామూలు యూఎస్‌బీ వైరులో కరెంటుకు రెండు తీగలు, సమాచారానికి రెండు తీగలు ఉంటాయి. ఛార్జింగ్ కోసమే చేసిన చవక వైర్లలో సమాచారం తీగలు ఉండవు. కీబోర్డు లైట్లు చక్కగా వెలుగుతాయి, కంప్యూటర్‌కి మాత్రం దాని సంగతే తెలియదు. ఆ వెలుగు చూసి చాలామంది మోసపోతారు. ఐదు పిన్నుల వైరైతే కీబోర్డు 'ఔట్' అవతలి 'ఇన్'లోకి వెళ్లాలి. విండోస్‌లో ఇంకో చిక్కుంది: పాత మిడి పద్ధతిలో చాలా డ్రైవర్లు ఒక పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. అందుకే పరీక్ష అయ్యాక మిడి-ఆక్స్‌ను మూసేయండి, లేకపోతే అదే కొత్త అడ్డంకి అవుతుంది.

అంకెలు వస్తున్నా శబ్దం లేకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ట్రాక్‌లో వాద్యం పెట్టారా, రికార్డ్ బటన్ వెలిగిందా, ఛానెల్ కలిసిందా, శబ్దం వెళ్లేది మీరు వింటున్న స్పీకర్‌కేనా?

శబ్దం ఆలస్యంగా వస్తే మిడిని తిట్టకండి. దోషం ఎక్కువగా ఆడియో బఫర్‌ది, అంటే స్పీకర్‌కి పంపేముందు కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా (శాంపిళ్లుగా) పోగేసుకునే చోటుది. సెకనుకు 44,100 శాంపిళ్ల దగ్గర బఫర్‌ను 1024 శాంపిళ్లకు పెడితే అదొక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది. 256కి దించితే ఆరుకు కాస్త తక్కువ. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే, వాయించేటప్పుడు దాన్ని పక్కన పెట్టాల్సిందే. సొంత శబ్దం ఉన్న కీబోర్డులో ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తుంటే దాని మెనూలో 'లోకల్ కంట్రోల్' ఆపేయండి.

ఇక గుర్రుమనే మోత. కీబోర్డు ఆడియో వైరు కూడా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకి, తగిలించినప్పుడు ఇది తరచూ వస్తుంది. ఐదు పిన్నుల మిడిలో అందుకునే వైపు చిన్న ఆప్టోకప్లర్ ఉంటుంది. సంకేతం దాంట్లో వెలుతురుగా మారి దాటుతుంది, రెండు యంత్రాల మధ్య నేరుగా విద్యుత్ కలయిక ఉండదు. మామూలు యూఎస్‌బీలో ఆ అడ్డు లేదు, గ్రౌండ్ తీగలు కలిసి ఉచ్చులా తయారవుతాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయగానే మోత ఆగితే కారణం దాదాపుగా ఇదే. కీబోర్డుకు పాత గుండ్రటి ఐదు పిన్నుల సాకెట్ ఉంటే యూఎస్‌బీ బదులు దాంతో కలిపి చూడండి. లేకపోతే యూఎస్‌బీ ఐసోలేటర్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అయితే కొన్ని రకాలు కీబోర్డుకు సరిపడా కరెంటు ఇవ్వలేవు, కొనేముందు అది అడగండి.