ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లైసెన్సు ఎందుకు మారింది?

ఔత్సాహికులందరూ కలిసి గీసే ప్రపంచ పటంగా 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, తొలుత రచనలను పంచుకోవడానికి లైసెన్సులు రూపొందించే క్రియేటివ్ కామన్స్ సంస్థ వారి బై-ఎస్‌ఏ 2.0 లైసెన్సును ఎంచుకుంది. మూలకర్తను పేర్కొనాలి, మార్చి పంచేవారు అదే లైసెన్సు కింద పంచాలి అన్న ఆ షరతులు, 1989 నుంచి సాఫ్ట్‌వేర్‌లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు పాదుకొల్పిన సంప్రదాయానికి దగ్గరగా ఉండడంతో అప్పట్లో ఆ ఎంపికను తప్పుపట్టడానికి పెద్దగా కారణం కనిపించలేదు.

చిక్కు పునాదిలోనే ఉంది. ఇలాంటి లైసెన్సుకు బలం కాపీరైటు నుంచి వస్తుంది. హక్కే లేని చోట షరతు పెట్టే అధికారం ఎవరికీ ఉండదు. ప్రోగ్రాము కోడును చట్టం సాహిత్య రచనగా పరిగణిస్తుంది గానీ, వీధి పేరు, బావి ఉన్న చోటు వట్టి వాస్తవాలు. టెలిఫోన్ డైరెక్టరీలోని పేర్లూ నంబర్లూ శ్రమపడి సేకరించినంత మాత్రాన కాపీరైటు రాదని అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో తేల్చింది. శ్రమ ఒక్కటే చాలదని, కొంతైనా సృజన ఉండాలని మన సుప్రీంకోర్టు కూడా 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. ఐరోపా మాత్రం గణనీయమైన పెట్టుబడితో కూర్చిన డేటాబేసుకు 1996లో 15 ఏళ్ల ప్రత్యేక హక్కు కల్పించింది, బై-ఎస్‌ఏ 2.0 ఆ హక్కు ఊసే ఎత్తలేదు.

ఈ లోటు పూడ్చడానికి ఓపెన్ డేటా కామన్స్ అనే ప్రాజెక్టు 2009లో ఓపెన్ డేటాబేస్ లైసెన్సును, అంటే ఓడీబీఎల్‌ను వెలువరించింది. కాపీరైటుతో పాటు డేటాబేసు హక్కునూ, ఒప్పందాన్నీ ఆధారం చేసుకున్న ఈ లైసెన్సు, డేటాను, దానితో తయారైన పటాన్ని వేరుగా చూస్తుంది. అచ్చువేసిన పటాన్ని మూలం పేర్కొని ఏ షరతులతోనైనా అమ్ముకోవచ్చు, కానీ మార్చిన డేటాబేసును బహిరంగంగా వాడితే దాన్ని అదే లైసెన్సు కింద అందుబాటులో ఉంచాలి. ఇందులో అసలు ప్రయోజనం ఈ విభజనదే అని నా అభిప్రాయం.

మార్పు మాత్రం సులువుగా జరగలేదు. హక్కులు ఈ పటానికి అండగా ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ చేతిలో కాక గీసిన ప్రతి ఒక్కరి వద్దా ఉన్నందున, అందరి సమ్మతీ విడివిడిగా అడగాల్సి వచ్చింది. నిరాకరించిన వారి, బదులివ్వని వారి డేటాను 2012 జులైలో తొలగించాక, సెప్టెంబరు 12 నుంచి కొత్త లైసెన్సు అమల్లోకి వచ్చింది. మొత్తంలో పోయింది కొద్దిపాటి డేటాయే అయినా, ఆస్ట్రేలియా, పోలెండ్ పటాల్లో పెద్ద ఖాళీలు ఏర్పడ్డాయి.

2013 నవంబరులో వచ్చిన క్రియేటివ్ కామన్స్ 4.0 డేటాబేసు హక్కును కూడా కలుపుకుంది, కాకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అప్పటికే దారి మార్చుకుంది. కొత్త సభ్యుల నుంచి తీసుకునే సమ్మతిలో మాత్రం, ఇకపై మరో స్వేచ్ఛా లైసెన్సుకు మారాలంటే ఫౌండేషన్ సభ్యుల ఓటుతో పాటు, చురుగ్గా పటం గీసేవారిలో మూడింట రెండు వంతుల ఆమోదం చాలునన్న నిబంధన చేరింది.