శాంగ్విన్: నెత్తురులోంచి వచ్చిన ధీమా

"చర్చల ఫలితం మీద మంత్రి అంత శాంగ్విన్‌గా లేరు" అని ఇంగ్లిష్ పేపర్లో కనబడితే, ఆయనకు నమ్మకం తక్కువని అర్థం. మాట పుట్టింది మాత్రం రక్తంలో. లాటిన్‌లో 'శాంగ్విస్' అంటే నెత్తురు.

ఈ చుట్టరికం కలిపింది పాత గ్రీకు వైద్యం. ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలుంటాయనీ, వాటిలో ఏది ఎక్కువైతే స్వభావం అలా తయారవుతుందనీ నమ్మేవారు. హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన ఈ లెక్కను క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ స్థిరపరిచాడు. నల్ల పిత్తం ముదిరితే దిగులు. మెలాంకలీ అనే మాట అక్కడిదే. రక్తం వాటా ఎక్కువైనవాడు ఎర్రటి బుగ్గలతో, రేపటి బెంగ లేకుండా హుషారుగా ఉంటాడు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో ఒక భూస్వామిని ఇదే మాటతో పరిచయం చేశాడు. తెల్లటి గడ్డం, ఎప్పుడూ వడ్డనకు సిద్ధంగా ఉండే బల్ల. ఆ ఇంట్లో తిండీ పానీయాలూ మంచులా కురిసేవట! నాకు ఈ మాట అర్థమైంది నిఘంటువులో కాదు, ఆ మనిషిని చూశాకే.

1628లో ఇంగ్లిష్ వైద్యుడు విలియం హార్వీ రక్తప్రసరణను వివరించాడు. 19వ శతాబ్దానికి ద్రవాల సిద్ధాంతమే మూలపడింది. మాట మాత్రం మిగిలింది. మన పైత్యం కథా ఇంతే కదా. పిత్తం నుంచి వచ్చిన ఆ మాటను వైద్యుడి దగ్గర కంటే "ఇదేం పైత్యంరా!" అని విసుక్కునేటప్పుడే ఎక్కువ వాడుతున్నాం.

ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. ఇదే లాటిన్ మూలం నుంచి వచ్చిన 'శాంగ్వినరీ'కి రక్తపాతంతో కూడిన, రక్తదాహంగల అని అర్థం. అనువాదంలో రెండూ కలిసిపోతే ఆశ ఉన్న చోట హత్యలు జరుగుతాయి.

తెలుగులో శాంగ్విన్‌కు 'ఆశావాది' అని రాసేస్తుంటారు. నాకు అది చాలదనిపిస్తుంది. ఆశావాదం ఆలోచించి పట్టుకునే పక్షం, శాంగ్విన్ ఒంట్లోంచే వచ్చే నిబ్బరం. 'ధీమా' దానికి దగ్గరగా ఉంది. పైగా శాంగ్విన్ తరచుగా 'కాదు', 'లేదు'లతో కలిసి వస్తుంటుంది. "మంత్రికి అంత ధీమా లేదు" అంటే సరిగ్గా అతుకుతుంది.