హోస్ ఎన్నిసార్లు మార్చినా కూలెంట్ ఎందుకు కారుతుంది?

పాత జీపులో టర్బో ఉన్న డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్నవాళ్లను నెల్లూరు ఆటోనగర్‌లో అడిగితే చాలామంది ఇదే కష్టం చెబుతారు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బండి బాగానే ఉంటుంది. మే నెల ఎండలో రాపూరు ఘాట్ ఎక్కేసరికి రేడియేటర్ పైభాగపు రబ్బరు గొట్టం, అంటే హోస్ దగ్గర, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారడం మొదలవుతుంది. హోస్ మారుస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ అక్కడే తడి. "క్లిప్పు ఇంకో రెండు చుట్లు బిగిస్తే సరిపోద్దన్నా" అంటాడు షెడ్డు కుర్రాడు. సరిపోదు. ఒకే చోట మళ్లీ మళ్లీ కారుతోందంటే తప్పు చాలావరకు హోస్‌ది కాదు. దాన్ని లోపల్నుంచి నెట్టేదో, పక్కకు లాగేదో, మెల్లగా తినేసేదో ఇంకొకటి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

రేడియేటర్ మూత చేసేది కుక్కర్ వెయిట్ చేసే పనే. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత 1 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే మరగడానికి 125 డిగ్రీలు దాటాలి. ఘాట్‌లో ఇంజన్‌ను కాపాడేది ఈ తేడానే. కానీ అదే ప్రెషర్ హోస్ మీద కూడా పడుతుంది. లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు ఉన్న హోస్ నోటి వైశాల్యం సుమారు 9.6 చదరపు సెంటీమీటర్లు. 1 బార్ అంటే ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా దాదాపు ఒక కిలో బరువు. అంటే ఇంజన్ వేడిగా ఉన్నంతసేపూ హోస్‌ను పైపు మీంచి ఊడబెరకడానికి 10 కిలోల బలం పని చేస్తూనే ఉంటుంది.

అందుకే కంపెనీ నుంచి వచ్చే పైపు చివర చుట్టూ సన్నటి గట్టు ఉంటుంది. క్లిప్పు ఆ గట్టు వెనకాల కూర్చుంటే హోస్ జారదు. ఇంజన్ మార్చినప్పుడు కొలతలు కలవక మధ్యలో ఒక పైపు ముక్క కోసి పెడతారు. దానికి గట్టు ఉండదు, కోసిన అంచు కూడా గరుకుగానే ఉంటుంది. నా లెక్కలో సగం లీకులకు మూలం ఇక్కడే. లేత్ షాపులో ఆ చివర గట్టు తేల్పించుకోవాలి. లేదా సన్నగా వెల్డింగ్ పెట్టించి నున్నగా అరగదీయించాలి. అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. హోస్ ఎక్కడం లేదని గ్రీజో ఇంజన్ ఆయిలో మాత్రం రాయనివ్వకండి. ఈ హోసులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కాస్త కూలెంట్ రాసినా, సబ్బు నీళ్లు రాసినా ఎక్కుతుంది.

స్క్రూ క్లిప్పును బిగించేకొద్దీ మంచిదనుకోవడం కూడా పొరపాటే. వేడికి పైపు వ్యాకోచిస్తుంది, మధ్యలో రబ్బరు నలుగుతుంది. చల్లారాక పైపు సైజు తగ్గుతుంది కానీ నలిగిన రబ్బరు మళ్లీ పైకి లేవదు. పొద్దున్నే బండి కింద చుక్కలు పడి, ఇంజన్ వేడెక్కగానే ఆగిపోయే లీకు ఇదే. స్ప్రింగు క్లిప్పయితే రబ్బరుతో పాటే సర్దుకుంటుంది. సిలికాన్ హోస్ వేసుకుంటే లోపలి వైపు గాట్లు లేని క్లిప్పు కావాలి. మామూలు క్లిప్పు గాట్లు ఆ మెత్తటి సిలికాన్‌ను కోసేస్తాయి.

ఎక్కువమంది చూడనిది కరెంటు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాని ఎర్త్ అంతా ఇంజన్‌ను ఛాసిస్‌కు కలిపే ఒక లోహపు అల్లిక పట్టీ మీదే ఆధారపడుతుంది. ఇంజన్ మార్చేటప్పుడు ఆ పట్టీని మరిచిపోవడం, పెయింటు మీదే బిగించేయడం మామూలు. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు వెళ్లాలి. సరైన దారి లేకపోతే అందులో కొంత కూలెంట్ గుండా పోతుంది. హోస్ రబ్బరులో కార్బన్ ఉంటుంది, కూలెంట్ కరెంటును పోనిస్తుంది, రెండు చివర్లా లోహాలు ఉంటాయి. దాంతో హోస్ లోపలి గోడ చివర్ల దగ్గర సన్నగా చీలుతుంది. ఆ చీలికల్లోంచి కూలెంట్ రబ్బరు మధ్యలో ఉండే నూలు పొరలోకి ఇంకుతుంది. బయటికి హోస్ కొత్తదానిలాగే కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి. మీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, ఎర్ర వైరు మొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచండి. ఇంజన్ స్టార్ట్ చేసి లైట్లు, ఫ్యాను వేయించండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ సంగతి చూడాల్సిందే. హోస్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పు పక్కన రెండు వేళ్లతో నొక్కి, నడిమి భాగాన్ని కూడా అలాగే నొక్కి చూడండి. చివర మెత్తగా తగిలితే లోపల చీలికలు మొదలైనట్టే.

కూలెంట్‌లో బోరు నీళ్లు కలపడం ఈ చేటును పెంచుతుంది. సముద్రం వైపు బోర్లలో ఉప్పు, కనిగిరి వైపు నీళ్లలో కాఠిన్యం. ఉప్పు నీళ్లలో కరెంటు ఇంకా బాగా పోతుంది. కఠిన జలం రేడియేటర్ గొట్టాల్లో సున్నప్పొర కట్టి వేడిని బయటకు పోనివ్వదు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే దీనికీ వాడాలి.

ఇవన్నీ సరిచేసినా హోస్ ఊడిపోతుంటే ఇంజన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్డుకూ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే హోస్ రాయిలా గట్టిపడితే, అది వేడి వల్ల వచ్చిన ప్రెషర్ కాదు, సిలిండర్ గ్యాసు లోపలికి దూరుతున్నట్టు. టర్బో బూస్టు, అంటే సిలిండర్లలోకి గాలి నెట్టే ప్రెషర్, పెంచిన ఇంజన్లలో ఈ భయం ఎక్కువ. రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవంతో చేసే పరీక్షలో రంగు మారితే గ్యాసు దూరుతున్నట్టు ఖాయమే. తెల్లారేసరికి హోస్ చదునుగా అతుక్కుపోయి కనిపిస్తే మాత్రం తప్పు మూతలోని చిన్న వాక్యూమ్ వాల్వుది. మూత మారిస్తే చాలు.

రేస్ ఇచ్చినప్పుడు ఇంజన్ ఎంత ఊగుతోందో కూడా పక్కనుంచి చూడండి. బిర్రుగా లాగి బిగించిన పొట్టి హోస్ ఆ ఊపుకు తట్టుకోదు. వంపు తిరిగి, కాస్త వదులున్న హోస్ వేయాలి.

పని అయ్యాక గాలి పూర్తిగా పోయేదాకా కూలెంట్ నింపి, నాలుగైదు రోజులు తిరిగాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు మరోసారి చూసుకోవాలి. తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు మట్టిలో పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదమూ ఉంది. కొంచెం కడుపులోకి పోయినా కిడ్నీలు దెబ్బతింటాయి. మూతున్న డబ్బాలో పట్టి, అందని చోట పెట్టించండి.